ఉప్పునీటి ఒడ్డున చెవి ఒగ్గి

అందరికీ నమస్కారం.

ఇవాళ వచ్చినవాళ్లలో కొత్తగా హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కోసం నడిపే రేడియో, లైసెన్స్ తీసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారని చెప్పారు. ఇంకా పరీక్ష రాయబోతున్నవాళ్లూ ఉన్నారట. చాలా సంతోషం. మా క్లబ్ ఒక చిన్న దీవికి వెళ్లి ఐదు రోజులు రేడియో నడిపిన సంగతి చెప్పమన్నారు. వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న: "ఎంత దూరం మాట్లాడారు?" జవాబు తేలికే. భూమికి అవతలి వైపు దాకా మాట్లాడాం. వంద వాట్లు, ఒక మంచి యాంటెనా ఉండి, బ్యాండ్, అంటే మనం వాడే ఫ్రీక్వెన్సీల పట్టీ, తెరుచుకుంటే మీరూ మాట్లాడతారు. నాకు ఆ ఐదు రోజుల్లో బాగా అర్థమైంది మాత్రం వినడం గురించి. పదిహేనేళ్లుగా రేడియో ముందు కూర్చుంటున్నాను, వినడం వచ్చనే అనుకున్నాను. రాదని అక్కడ తెలిసింది. అందుకే ఇవాళ ఎక్కువసేపు దాని గురించే చెబుతాను.

ముందు అసలు దీవులకు ఎందుకు వెళ్తామో చెప్పాలి. మన రంగంలో "ఐలాండ్స్ ఆన్ ది ఎయిర్" అని ఒక కార్యక్రమం ఉంది. అయోటా అంటాం. ప్రపంచంలోని సముద్ర దీవులను సుమారు 1,200 సమూహాలుగా విడదీసి, ఒక్కో సమూహానికి ఒక నంబర్ ఇచ్చారు. ముందు ఖండానికి రెండు అక్షరాలు, ఆ తర్వాత మూడంకెలు. అండమాన్ దీవులది ఏఎస్-001. ఎవరైనా ఆ దీవికి వెళ్లి స్టేషన్ పెడితే, మిగతా ప్రపంచంలోని హ్యామ్‌లు వాళ్లతో కాంటాక్ట్ చేసి ఆ నంబర్‌ను తమ ఖాతాలో వేసుకుంటారు. కొన్ని దీవుల్లో హ్యామ్‌లు కాపురమే ఉంటారు కాబట్టి అవి ఎప్పుడైనా దొరుకుతాయి. కొన్నిచోట్ల మనిషి జాడే ఉండదు. అలాంటి నంబర్ కోసం ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునేవాళ్లున్నారు.

దీన్ని 1964లో మొదలుపెట్టినాయన ఇంగ్లండ్‌కు చెందిన జెఫ్ వాట్స్. 1985లో బ్రిటన్ రేడియో సొసైటీ దీని నిర్వహణ తీసుకుంది. ఇందులో నాకు బాగా నచ్చే విషయం ఒకటుంది. వాట్స్‌కు పేరొచ్చింది షార్ట్‌వేవ్ శ్రోతగా. రిసీవర్ ముందు కూర్చుని, దూరదేశాల స్టేషన్లను పట్టుకుని, రాసుకునేవారు. ఇన్ని వేలమందిని పడవలెక్కించి దీవులకు పంపిన ఆలోచన, కూర్చుని వినే ఒక మనిషికి వచ్చింది.

అయోటాలో ఒక కచ్చితమైన నియమం ఉంది. యాంటెనా, రిగ్ అనే రేడియో సెట్, ఆపరేటర్ అన్నీ దీవి మీదే ఉండాలి. పడవను ఒడ్డున కట్టేసి అందులోంచి మాట్లాడితే లెక్కలోకి రాదు. ఇలా నేల మీద కాలు పెట్టడం కోసం హ్యామ్‌లు పడ్డ పాట్లు వింటే ఒళ్లు జలదరిస్తుంది. దక్షిణ చైనా సముద్రంలో స్కార్‌బరో రీఫ్ అని ఉంది. నీటిపైకి తేలేవి కొన్ని బండలు, అంతే. 2007లో ఒక బృందం ఆ బండల మీద చెక్కతో మంచెలు కట్టింది. మన పొలాల్లో కాపలాకి వేసుకునే మంచెల్లాంటివే. ఒక్కో మంచె మీద ఒక కుర్చీ, ఒక రేడియో, ఒక ఆపరేటర్. కింద సముద్రం. దక్షిణ అట్లాంటిక్‌లో మంచు కప్పిన బూవే దీవి ఉంది. 2018లో ఒక బృందం అంత దూరం ఓడలో వెళ్లి, వాతావరణం అనుకూలించక, ఇంజన్ కూడా మొరాయించడంతో దిగకుండానే వెనక్కి తిరిగింది. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, సెలవులు పెట్టుకుని వెళ్లినవాళ్లు. ఆ నిర్ణయం తీసుకోవడానికి ఎంత గుండె ఉండాలో ఆలోచించండి. ప్రాణాలతో తిరిగి రావడమే ముందన్న ఆ నిర్ణయం మీద నాకు చాలా గౌరవం.

మాది అంత సాహసం కాదు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిస్తే ఇరవై నిమిషాలు పట్టే దీవి. పడవ ఆగడానికి చోటుంది, నాలుగు చెట్లు ఉన్నాయి, నీడ ఉంది. ఆరుగురం వెళ్లాం. అనుమతులకు ఐదు నెలలు పట్టింది, దాని గురించి చెప్పడం మొదలుపెడితే ఇవాళ అదే సరిపోతుంది. ఒక్క మాట చెబుతాను: దీవిలో దిగడానికి అనుమతి వేరు, అక్కడి నుంచి ట్రాన్స్‌మిట్ చేయడానికి అనుమతి వేరు. రెండూ కాగితం మీద ఉండాలి.

యాంటెనా దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను, దీవి ఇచ్చే అసలు వరం అక్కడే ఉంది కాబట్టి. నిలువు యాంటెనా నేలను ఒక అద్దంలా వాడుకుంటుంది. మామూలు మట్టి మంచి అద్దం కాదు. యాంటెనా నుంచి దిగంతం వైపు తక్కువ కోణంలో వెళ్లాల్సిన శక్తిని చాలావరకు మింగేస్తుంది. ఉప్పునీరు అలా కాదు. మామూలు మట్టితో పోలిస్తే సముద్రపు నీటి విద్యుత్ వాహకత సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. అందుకే నీళ్ల అంచున నిలబెట్టిన యాంటెనా, తరంగాన్ని దాదాపు నీటిని ఒరుసుకుంటూ పంపగలదు. తక్కువ కోణంలో వెళ్లిన తరంగం అయనోస్ఫియర్‌లోని, అంటే పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న భాగంలోని, ఎఫ్2 పొరను చాలా దూరాన తాకుతుంది. ఆ పొర మూడు నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి వంగి కిందికి వచ్చేసరికి ఒక్క గెంతులో మూడు, నాలుగు వేల కిలోమీటర్లు దాటిపోతుంది. గెంతులు తగ్గితే నష్టం తగ్గుతుంది. పైగా వెళ్లేటప్పుడు ఎంత లాభమో, వచ్చేటప్పుడూ అంతే లాభం. అవతలివాడి బలహీనమైన సిగ్నల్ కూడా ఆ నీటి మీదుగానే మన దగ్గరికి వస్తుంది.

14 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే ఐదు మీటర్ల తీగ. ఫైబర్‌గ్లాస్ గెడకు దాన్ని టేపుతో చుట్టి నిలబెట్టడమే. ఇసుకలో మేకులు నిలవవు. ఖాళీ సంచుల్లో ఇసుక నింపి, వాటికి తాళ్లు కట్టాం. ఎంత నీళ్ల దగ్గర పెడితే అంత మంచిదన్న ఆశతో మొదటి సాయంత్రం యాంటెనాను తడి ఇసుక దాటి ఇంకా ముందుకు పెట్టాం. అప్పుడు పాటు సమయం. అమావాస్య దగ్గర పడిందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రాత్రి పదకొండుకు పోటు వచ్చి, కేబుల్ యాంటెనాకు కలిసే ఫీడ్ పాయింట్ మునిగింది. మోకాలి లోతు నీళ్లలో, తల దీపాల వెలుగులో, ఆరుగురం కలిసి గెడను వెనక్కి తెచ్చాం. ఆ రాత్రి మూడు గంటల ఆపరేటింగ్ పోయింది. మీరు వెళ్లేటప్పుడు ఆటుపోట్ల పట్టికను బ్యాండ్ ప్లాన్ పక్కనే పెట్టుకోండి.

ఉప్పు ఇంకో రకంగా కూడా పని చేస్తుంది. మూడో రోజు పొద్దున 21 మెగాహెర్ట్జ్ యాంటెనా ఎస్‌డబ్ల్యూఆర్, అంటే శక్తి ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే కొలత, మూడుకు ఎక్కింది. తీగ బాగానే ఉంది, గెడ బాగానే ఉంది. కనెక్టర్ విప్పి చూస్తే లోపల నీటి చెమ్మ, కోయాక్స్ కేబుల్ రాగి అల్లిక మీద పచ్చగా చిలుము. రాత్రి మంచులో కలిసి వచ్చిన ఉప్పు ఆ సన్నని సందులోంచి దిగింది. బాగు చేయడం పది నిమిషాల పని. కొంత కేబుల్ కోసేసి, కొత్త కనెక్టర్ వేసి, రబ్బరు టేపును సాగదీసి చుట్టాం. మొదటి రోజే అన్నిటికీ ఆ టేపు చుట్టి ఉంటే పోయేది.

ఇక వినడం సంగతికి వస్తాను.

మొదటి రాత్రి యాంటెనా సర్దుకున్నాక, రిగ్ ఆన్ చేసి 7 మెగాహెర్ట్జ్ మీద హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఏమీ వినిపించలేదు. కేబుల్ ఊడిందనుకున్నాను. డయల్ కొంచెం తిప్పగానే ఒక మోర్స్ సిగ్నల్ గాజులా స్వచ్ఛంగా వచ్చింది. ఊళ్లలో, నగరాల్లో ఉండే మనకు బ్యాండ్ అంటే ఒక హోరు. ఎల్‌ఈడీ బల్బులు, టీవీలు, లిఫ్టులు, సోలార్ ఇన్వర్టర్లు, అన్నీ కలిసి, సిగ్నల్ బలం చూపే ఎస్-మీటర్‌ను ఏడు దగ్గర నిలబెడతాయి. అక్కడ ముల్లు ఒకటి దగ్గరే ఉంది. ఒక్కో ఎస్-యూనిట్ ఆరు డెసిబెల్స్ అని చదువుకున్నారు కదా. ఏడు నుంచి ఒకటికి అంటే 36 డెసిబెల్స్, శక్తిలో దాదాపు నాలుగు వేల రెట్లు. అంటే నా ఇంట్లో హోరు కింద రోజూ ఎంతమంది పిలుస్తూ ఉండి ఉంటారో, నేను ఎంతమందికి జవాబు చెప్పకుండా ఉండి ఉంటానో అనిపించింది. ఆ రాత్రి అది నన్ను బాగా కదిలించింది.

ఆ నిశ్శబ్దాన్ని మేమే పాడుచేసుకున్నాం కూడా. రెండో రాత్రి ప్రతి కొన్ని కిలోహెర్ట్జ్‌లకూ ఒక జుమ్మనే శబ్దం వినిపించింది. జనరేటర్ ఆపాం, తగ్గలేదు. లాప్‌టాప్ తీశాం, తగ్గలేదు. చివరికి గుడారం మూలలో ఎవరో పెట్టిన సెల్‌ఫోన్ చార్జర్ అని తేలింది. అప్పటి నుంచి రాత్రిళ్లు బ్యాటరీ మీదే నడిపాం, చార్జింగ్ అంతా పగలే.

పైల్-అప్ అంటే ఏమిటో వినని వాళ్లకు ఎలా చెప్పాలి? సంతలో ఒకే కొట్టు ముందు రెండు వందలమంది ఒకేసారి తమ పేరు అరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మనం 14.260 మెగాహెర్ట్జ్ మీద ఉన్నామని ఎవరో ఒకరు కనిపెట్టగానే నిమిషాల్లో మొదలవుతుంది. వాళ్లంతా మన ఫ్రీక్వెన్సీ మీదే పిలిస్తే మన మాట ఎవరికీ వినపడదు. అందుకే స్ప్లిట్ పెడతాం. మేం 260 మీద పలుకుతాం, 265 నుంచి 275 దాకా వింటాం. అలా పరిచినా ఒకరి మీద ఒకరు పడుతూనే ఉంటారు.

అందులోంచి ఎవరిని తీయాలి? అన్నిటికంటే గట్టిగా ఉన్నవాణ్ణి తీయడం తేలిక. వాడికి కిలోవాట్ ఉంది, టవర్ మీద యాంటెనా ఉంది. వాళ్లను ముందు చకచకా అయిపోగొడితే పైల్-అప్ పలచబడుతుందన్న వాదనలో కొంత నిజం ఉంది. కానీ వాళ్లు అయ్యేసరికి ఒక్కోసారి బ్యాండ్ మూసుకుపోతుంది. బలహీనుడికి దొరికేది ఆ ఇరవై నిమిషాలే. గట్టిగా ఉన్నవాడు రేపూ వినిపిస్తాడు, ఎల్లుండీ వినిపిస్తాడు. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: దీవి మీద కూర్చున్న ఆపరేటర్ ప్రతి గంటలో కొంతసేపు బలహీనుల కోసమే కేటాయించాలి. గంటకు వంద కాంటాక్ట్‌లు ఎనభైకి తగ్గినా ఫరవాలేదు.

మా క్లబ్‌లో అందరికంటే పెద్దాయన్ని మాస్టారు అని పిలుస్తాం. మూడో సాయంత్రం ఆయన నా పక్కనే రెండో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు. పైల్-అప్ జోరు మీద ఉంది. ఉన్నట్టుండి నా చేయి పట్టుకుని, "ఆగు బాబూ, అడుగున ఎవరో ఉన్నారు" అన్నారు.

"నాకు వినపడలేదండీ."

"పెద్దవాళ్లు ఊపిరి తీసుకునే సందులో విను."

విన్నాను. ఒక్క మాట. "లీమా." అంతే. ఎల్ అక్షరాన్ని రేడియోలో అలా పలుకుతాం.

"లీమాతో ముగిసే స్టేషన్ మాత్రమే" అన్నాను. వెంటనే పదిమంది పిలిచారు, ఒక్కరి కాల్‌సైన్‌లోనూ, అంటే స్టేషన్ గుర్తింపు పేరులోనూ, ఎల్ లేదు. మళ్లీ అదే అన్నాను. మళ్లీ వాళ్లే. ఇక్కడ ఆపరేటర్‌కి చాలా టెన్షన్. అడ్డొచ్చిన ఒకడికి జవాబిచ్చేస్తే గోల తగ్గుతుంది అనిపిస్తుంది. ఇవ్వకూడదు. ఒక్కసారి ఇచ్చామంటే, అడ్డొస్తే పని జరుగుతుందని మొత్తం పైల్-అప్ నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఎవరూ మాట వినరు. నేను లీమా, లీమా అంటూనే ఉన్నాను. రెండు మూడు నిమిషాలకు మిగతావాళ్లు తగ్గారు. అప్పుడు వినపడింది, నూతిలోంచి వచ్చినట్టు. మొదటి అక్షరం, తర్వాత అంకె, ఫేడింగ్, మళ్లీ మొదటి నుంచి. ఒక్కో అక్షరం కాగితం మీద రాసుకున్నాను. పూర్తి కాల్‌సైన్ తిరిగి చదివితే "రోజర్, రోజర్, ఫైవ్ వాట్స్" అన్నాడు. నేను త్రీ-వన్ రిపోర్ట్ ఇచ్చాను, అంటే కష్టంగా అర్థమైంది, సిగ్నల్ చాలా బలహీనం అని. ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాల్లో ఇంకో పది కాంటాక్ట్‌లు చేసి ఉండేవాణ్ణి. మాస్టారు ఏమీ అనలేదు, నీళ్ల సీసా నా చేతిలో పెట్టారు.

కంప్యూటర్‌తో సందేశాలు పంపే ఎఫ్‌టీ8 ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో తెచ్చిన పద్ధతి అది. పదిహేను సెకన్లకు ఒక వంతు, యాభై హెర్ట్జ్ వెడల్పు. మన చెవికి అందని సిగ్నల్‌ను కూడా కంప్యూటర్ చదివేస్తుంది. మేం ఒక స్టేషన్‌ను దానికే కేటాయించాం, దానివల్ల ఎంతోమంది చిన్న యాంటెనాల వాళ్లకు మా దీవి దొరికింది. దాన్ని తక్కువ చేయను. ఇంటర్నెట్ లేనిచోట కంప్యూటర్ గడియారం తప్పితే అది పని చేయదని మాత్రం గుర్తుంచుకోండి. సమయం కోసం చిన్న జీపీఎస్ పరికరం తీసుకెళ్లాం. కానీ మీ చెవికి సాధన కావాలంటే గొంతు, మోర్స్ రెండూ చేయాలి. ఆ సాధన ఎప్పుడు అక్కరకొస్తుందో ఎవరికీ తెలియదు.

2004 డిసెంబర్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్ నుంచి స్టేషన్ నడుపుతోంది. అండమాన్ నుంచి హ్యామ్‌లు వినిపించి అప్పటికి చాలా ఏళ్లయింది. ప్రపంచమంతా వాళ్ల కోసం ఎగబడింది. డిసెంబర్ 26 పొద్దున భూకంపం, ఆ వెంటే సునామీ. టెలిఫోన్లు పోయాయి. ఆ బృందం ఆ క్షణం నుంచి కాంటాక్ట్‌ల లెక్క పక్కనపెట్టి, అదే రిగ్‌లతో, అవే యాంటెనాలతో కబుర్లు అందించే పనిలోకి దిగింది. ఫలానావాళ్లు క్షేమమా అని ప్రధాన భూభాగం నుంచి అడిగేవాళ్లకు జవాబులు చేరవేసింది. పైల్-అప్‌లో అరకొర అక్షరాలు పట్టుకోవడం అలవాటైన చెవులే, ఆ రోజు మనుషుల పేర్లు పట్టుకున్నాయి. పేరులో ఒక్క అక్షరం తప్పు విన్నా అవతల ఒక కుటుంబం ఏమైపోతుందో ఊహించండి.

మాకు అంత కష్టం రాలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం అన్ని బ్యాండ్లూ ఒక్కసారిగా చచ్చిపోయాయి. పైల్-అప్ మధ్యలో, ఎవరో తలుపు మూసినట్టు. "మాస్టారూ, యాంటెనా పోయిందండీ" అన్నాను. ఆయన ఎస్‌డబ్ల్యూఆర్ చూడమన్నారు. మామూలుగానే ఉంది. రెండో స్టేషన్‌దీ అంతే. "రెండూ ఒకేసారి పోవు. కాసేపు ఆగు, పై బ్యాండ్లు ముందు తిరిగొస్తే సూర్యుడి పనే" అన్నారు. అలాగే అరగంట తర్వాత ముందు 28 మెగాహెర్ట్జ్ మెల్లగా ఊపిరి పోసుకుంది, తర్వాత 21, ఆ తర్వాత 14. సూర్యుడి మీద పెద్ద జ్వాల ఎగసినప్పుడు ఎక్స్‌రేలు ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి వచ్చేస్తాయి. పగలున్న వైపు, కింద ఉండే డీ పొర వాటితో చిక్కబడి షార్ట్‌వేవ్‌ను పీల్చేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా పీలుస్తుంది కాబట్టి అవి చివరికి తేరుకుంటాయి. పుస్తకంలో ఎన్నిసార్లు చదివానో. ఇసుకలో కూర్చుని చెవితో విన్నప్పుడు అది నాదైంది.

తిరిగొచ్చాక నాలుగు నెలలకు లీమా గారి క్యూఎస్ఎల్ కార్డు, అంటే కాంటాక్ట్‌ను ధ్రువీకరించే కార్డు, వచ్చింది. వెనక చేత్తో రాశారు: బాల్కనీలో కట్టిన తీగ, మూడు రోజులుగా పిలుస్తున్నాను, ఇక ఆపేద్దాం అనుకున్న సాయంత్రం మీరు లీమా అన్నారు. ఆ కార్డు ఇదిగో, మీ మధ్య తిప్పుతాను, చూసి వెనక్కి ఇవ్వండి.

ఇప్పుడు ఆ సాయంత్రం రికార్డింగ్ వినిపిస్తాను. నలభై సెకన్లే. ముందు వరుసలో హెడ్‌ఫోన్లు ఉన్నాయి, కొత్తవాళ్లు ముందు తీసుకోండి. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. గట్టి గొంతులను వదిలేయండి. "లీమా" అన్న మాట మూడుసార్లు వస్తుంది. మొదటిది వినపడినవాళ్లు చెయ్యెత్తకండి, పక్కవాళ్లను కూడా విననివ్వండి. ఫ్యాన్లు ఒక్క నిమిషం ఆపండి ప్లీజ్.